తేదీ సిస్టర్ పదహారు గంటల చదువు

ముందు సుద్దముక్క చప్పుడు వినపడేది. నల్లబల్ల మీద అది కీచుమనగానే వార్డులోని పన్నెండు మంచాలూ ఒళ్ళు జలదరించినట్టు కదిలేవి. తెర అవతల ఎవరో ఆ రోజును అక్షరాల్లో పెడుతున్నారు: వారం, తేదీ, నెల, సంవత్సరం. ఆ తరువాత తెర జరిగేది. పొట్టిగా, బొద్దుగా, వేళ్ళ కొసలకు తెల్లటి పొడితో ఆమె లోపలికి వచ్చేది.

అందరూ ఆమెను తేదీ సిస్టర్ అనేవారు. మా పెద్దమ్మ అక్కడ ఉన్న ఐదు నెలల్లో ఇంకో పేరు నా చెవిన పడలేదు. మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్ళ వార్డు అది. ఆమె దానికి ఇన్‌చార్జి. మరిచిపోయేవాళ్ళకు రోజూ తేదీ గుర్తు చేయాలని ముప్ఫై ఏళ్ళ కిందట నర్సింగ్ చదువులో నేర్పారట. పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. మంచం మంచం దగ్గరా ఆగి అడిగేది, తప్పు చెబితే దిద్దేది. మా పెద్దమ్మ ఏదో ఒక వారం పేరు చెప్పి నవ్వేసేది. కిటికీ పక్క మంచం మీది డ్రైవర్ తాతకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఆయన ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపినవాడు. తెల్లవారగానే మంచం అంచున కూర్చుని, కాళ్ళు నేలకు తన్నిపెట్టి, రెండు చేతులూ గాలిలో గుండ్రంగా పట్టుకునేవాడు.

"అమ్మాయ్, ఫస్ట్ సర్వీసు ఐదూ నలభైకి. గేటు తీయించు."

"తాతయ్యా, మీరు రిటైరై పందొమ్మిదేళ్ళయింది. మీకు బస్సు లేదు, డ్యూటీ లేదు. ఇవాళ బుధవారం. అనండి, బుధవారం."

ఆయన అనేవాడు కాదు. గాలిలో చేతులు మెల్లగా ఒళ్ళోకి దిగేవి, ఎవరో వాటి లోంచి చక్రం తీసేసుకున్నట్టు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. స్నానానికి లేపితే చేయి విసిరేవాడు. ఆమె చార్టులో 'సహకరించడం లేదు' అని గుండ్రటి చేతిరాతతో రాసేది.

ఆ ఏడాది కొత్త నియమం ఒకటి వచ్చింది. ఇలాంటి వార్డుల ఇన్‌చార్జీలు డిమెన్షియా రోగుల సంరక్షణలో పదహారు గంటల శిక్షణ పొంది, చివర తమ వార్డు నుంచే ఒక కేసు తీసుకుని ముగ్గురు పరీక్షకుల ముందు చెప్పి నెగ్గాలి. నెగ్గకపోతే వార్డు ఇంకొకరికి వెళుతుంది. ఆమెకు ఉద్యోగం ఇంకా నాలుగేళ్ళు ఉంది. ఆ పన్నెండు మంచాలు తప్ప ఇంకో పని చేతకాదని ఆమే అనేది.

తరగతులు శనివారాలు, క్యాంటీన్ పై హాల్లో. అక్కడి సంగతులు ఆమే చెప్పింది, కొంత కోపంగా, కొంత నవ్వుతూ. పాఠం చెప్పే మేడమ్ ఆమె కూతురి ఈడుది. మొదటిరోజే, డ్రైవర్ తాత సంగతి వచ్చినప్పుడు, ఇద్దరికీ పడలేదు.

"సోమవారాన్ని సోమవారం అనడం తప్పా మేడమ్? అబద్ధాలు చెప్పమంటారా?"

హాలంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు.

"అబద్ధం చెప్పొద్దు సిస్టర్. కానీ ఆయన మిమ్మల్ని వారం అడగలేదుగా, డ్యూటీ అడిగాడు. మీరు రోజూ పొద్దున్నే ఆయన ఉద్యోగం పీకేస్తున్నారు. నిన్నటిది ఆయనకి గుర్తుండదు. కాబట్టి రోజూ కొత్తగానే పోతుంది."

ఆ మధ్యాహ్నం ఆమె మెట్ల మీద ఒంటరిగా కూర్చుని అన్నం డబ్బా మూత తీసి, తినకుండానే మళ్ళీ పెట్టేసిందట.

ఇంట్లో సాధన మొదలైంది. ఆమె భర్త బళ్ళో ల్యాబ్ అసిస్టెంటుగా చేసి మానేసిన మనిషి. ఒకరోజు ఆయన కళ్ళజోడు ఎక్కడని అడిగితే, ఆమె పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, మెత్తగా, "కళ్ళజోడు గురించి చెప్పండి. అది మీకు చాలా ఇష్టమా?" అందట.

"ఏమేవ్, నాకింకా మతి పోలేదు. పోయాక చెబుతాలే, అప్పుడు అడుగుదువుగాని!"

సోమవారం పొద్దున బల్ల మీద తేదీ రాసింది గానీ ఎవరినీ అడగలేదు. కిటికీ పక్కకు వెళ్ళి నిలబడింది.

"గేటు తీయించమ్మాయ్."

"తీయిస్తా. ప్యాసింజర్లు ఎక్కేలోపు డ్రైవరు మొహం కడుక్కోవద్దా?"

తాత గడ్డం తడుముకున్నాడు. "నిజమే. గరుకుగా ఉంది." లేచి ఆమె వెంట నడిచాడు. సబ్బు రాయించుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు, రెండు బ్రెడ్డు ముక్కలు పాలలో ముంచుకుని తిన్నాడు. వారం తిరిగేసరికి ఆమెను కండక్టరమ్మను చేశాడు. ఆమె మంచం అంచు తట్టి "రైట్, రైట్!" అంటే, మా పెద్దమ్మ కూడా అవతలి మంచం మీద సర్దుకుని కూర్చునేది, టికెట్టు కొన్నదానిలా. కిటికీలోంచి వచ్చే వెలుతురు ఆ వరసల మధ్య రోడ్డులా పరుచుకునేది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళేవారు కాదు, కానీ అందరూ ప్రయాణంలో ఉండేవారు.

మేడమ్ మురిసిపోయింది. పరీక్షకు ఈ కేసే చెప్పమంది, తరువాతి బ్యాచీలకు పాఠంగా పెడతానంది. సిస్టర్ ఆరు పేజీలు రాసి, కూతురితో టైపు చేయించి ఇచ్చేసింది.

పరీక్షకు పది రోజుల ముందు తాత కొత్త మాట మొదలుపెట్టాడు.

"బ్రేకు సరిగా పడట్లేదు కండక్టరమ్మా. కుడికాలు వేస్తే అదోలా ఉంది."

"మెకానిక్కి కబురుపెట్టాంలెండి. వచ్చేస్తాడు."

మర్నాడూ అదే మాట, అదే జవాబు. మూడోరోజూ అంతే. అప్పటికి ఆయన మేజోళ్ళు విప్పనివ్వడం మానేశాడు. డ్యూటీలో ఉన్న డ్రైవరు బూట్లు విప్పడట. పాత సిస్టర్ అయితే కసిరి విప్పించేది. కొత్త సిస్టర్, "సరే, డ్యూటీ దిగాక చూద్దాం" అని ఒళ్ళు తుడిచి, పాదాలు వదిలేసింది. చార్టులో 'ప్రశాంతంగా ఉన్నారు, చక్కగా సహకరిస్తున్నారు' అని రాసింది.

నాలుగోరోజు ఆమె సెలవు. ఆమె కింద పనిచేసే చిన్న సిస్టర్ తాత నిద్రలో ఉండగా కుడి మేజోడు లాగింది. మడమకు అంటుకుపోయి వచ్చింది. లోపల నల్లగా చిట్లిన పుండు, చుట్టూ ఎర్రగా వాపు. బలంగా లేని కాలిని రోజంతా నేలకు తన్నిపెట్టి, రాత్రంతా పరుపుకు ఆనించి పడిన పుండు. బ్రేకు అన్నది ఆ కాలి గురించి.

మర్నాడు సిస్టర్ ఆ మడమ చూసి డ్రెస్సింగ్ తనే చేసింది. ఆ తరువాత రికార్డులో మూడు తేదీలు వరసగా వేసి, ప్రతి తేదీకి ఎదురుగా 'పాదం చూడలేదు' అని రాసి సంతకం పెట్టింది.

ఇక ఆ ఆరు పేజీల సంగతి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, మడమ తప్ప అన్నీ ఉన్నాయి. అలాగే చదివేస్తే వార్డు ఆమెదే. భర్తతో చెప్పిందట.

"పరీక్షకి వెళ్తున్నావా, తప్పు ఒప్పుకోడానికి వెళ్తున్నావా?" అన్నాడాయన.

"రెండూ ఒకే గదిలో పెట్టారు. నేనేం చేయను?"

ఆ గదిలో మేడమ్, పెద్ద డాక్టరు, నర్సింగ్ సూపరింటెండెంట్ కూర్చున్నారు. సిస్టర్ ఆరు పేజీలూ చదివి, చేతిరాతతో ఉన్న ఏడో పేజీ తీసింది. పుండు పొడవు, వెడల్పు, లోతు. తను ఏ రోజు ఏం విన్నది, ఏం జవాబిచ్చింది. బూట్లు విప్పను అన్నప్పుడు ఎందుకు సరే అన్నది.

సూపరింటెండెంట్ కళ్ళజోడు తీసింది. "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు సిస్టర్."

"రికార్డులో ఉంది మేడమ్."

"రికార్డులు ఎవరు చదువుతారమ్మా?" అన్నాడు డాక్టరు. ఎవరూ నవ్వలేదు.

పాఠం చెప్పిన మేడమ్ ఆ ఏడో పేజీ తన ముందుకు లాక్కుని, "ఇది నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు," అందట. అయినా మార్కులు వేయాల్సిన గడులు వేయాల్సినవే. రోగి భద్రత అనే గడిలో సున్నా పడింది. సిస్టర్ నెగ్గలేదు. మరో విడత పదహారు గంటలూ కూర్చుని మళ్ళీ రావాలన్నారు. అప్పటిదాకా వార్డు చిన్న సిస్టర్‌ది.

"అక్కా, నా వల్ల కాదు. నీకు నేను పనులు చెప్పడమేంటి?" అని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"చెప్పు. మేజోడు విప్పింది నువ్వేగా. ముందు ఈ తాళాలు పట్టుకో, నా నడుం నొప్పి తగ్గుతుంది."

తరువాత రెండు నెలలు నేను చూసిన సిస్టర్ మామూలు నర్సు. పొద్దున్నే మంచాల చివర నేల మీద కూర్చుని, తలెత్తకుండా, పన్నెండు జతల పాదాలు ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని చూసేది. తాతతో, "టైర్ల చెకింగండీ, డిపో ఆర్డరు," అనేది. ఆయన బూట్లు విప్పనిచ్చేవాడు. పుండు అంచులు మెల్లగా లేతరంగుకు తిరిగాయి. పూర్తిగా మాననే లేదు. తాత నడక తగ్గిపోయింది. పొద్దున గేటు అడగడం కూడా తగ్గింది. ఆమె మాత్రం శనివారాలు మళ్ళీ క్యాంటీన్ మెట్లెక్కుతోంది, నోటు పుస్తకంతో.

పెద్దమ్మను ఇంటికి తీసుకువెళ్ళే రోజు సిస్టర్ ఆమెకు చెప్పులు తొడిగి, తలుపు దాకా వచ్చింది. రెండో పరీక్ష వచ్చే నెలలో. నెగ్గుతారా అని అడగబోయి ఊరుకున్నాను. పెద్దమ్మ నా భుజం పట్టుకుని, నన్ను తన చెల్లెలి వరసతో పిలుస్తూ, కాలిలో ఏదో నొప్పి అంటోంది. నేను అలవాటుగా, "సరేలే, ఇంటికెళ్ళాక చూద్దాం," అన్నాను.

సిస్టర్ మా ఇద్దరి మధ్యకు వచ్చి పెద్దమ్మను బెంచీ మీద కూర్చోబెట్టింది.

"మిమ్మల్ని చెల్లెలనుకుంటే అనుకోనివ్వండి, ఏం పోయింది? నొప్పి మాత్రం ఇక్కడే, ఇప్పుడే చూడాలి. ఆ సంచీ కింద పెట్టి, ఇటు రండి, ఈ కాలు పట్టుకోండి."