ఒక కాలి బూటు

షేక్‌పేటలో బస్సెక్కేసరికే నాలుగేళ్ల మా బాబు నా భుజం మీద వాలిపోయాడు. పొద్దున్నే మంచం మీంచి పడి తలకి దెబ్బ తగిలించుకున్నాడు. ఒకసారి వాంతి కూడా చేసుకున్నాడు. కానీ మూడు నెలలు ఎదురుచూశాక, టీవీ ప్రకటన ఆడిషన్‌కి వాణ్ణి తీసుకురమ్మని ఫిల్మ్ నగర్ నుంచి పిలుపొచ్చింది. అది అయ్యాక డాక్టరుకి చూపిద్దామని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ, నిమిషానికోసారి వాణ్ణి కదిపి చూస్తున్నాను.

పక్క సీటులోని పెద్దాయన ఏమైందని అడిగితే, ఆడిషన్‌తో సహా అంతా చెప్పాను.

"ముప్పై ఏండ్లు ఫుట్‌బాల్ కోచ్‌గ చేసిన బిడ్డా. మొదలు స్కూల్ల, తర్వాత కాలేజీల. తలకు దెబ్బ తగిలినోడు ఎన్నడన్న నొప్పి ఉందంటడా? 'ఏం కాలే సార్, ఆడ్త' అంటడు. అందుకే ఒక బూటు గుంజుకొని నా దగ్గర పెట్టుకునేటోణ్ణి. ఒంటి బూటుతోని ఎట్ల ఉరుకుతడు?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"ఒక్క ఫైనల్‌ల మాత్రం, ఒక పోరడు బతిమిలాడిండని బూటు తిరిగిచ్చిన."

తర్వాత వంగి, మా బాబు ఎడమకాలి చెప్పు విప్పి నా చేతిలో పెట్టారు.

"ఇయ్యాల వీనికి ఆట లేదమ్మా. దవాఖానకు పో."

తర్వాతి స్టాపులోనే దిగి ఆటో ఎక్కాను. డాక్టరు రెండు రోజులు ఉంచుకుని పంపారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే అని ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయారు.

వాడిప్పుడు పక్క గదిలో నిద్రపోతున్నాడు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు లేచి చూసొచ్చాను. బూటు తిరిగి తీసుకున్న ఆ కుర్రాడికి ఏమైందో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను.