ఎడమ చెవిలో పక్కింటి పాట

ఈ మధ్యాహ్నం హిందూపురంలో, చెవి లోపలికి పెట్టుకునే ఇయర్‌ఫోన్లు కొందామని ఒక సెల్ షాపుకు పోయినాను. షాపతను తన ఫోన్లో పాట పెట్టి ఇచ్చినాడు. రబ్బరు మెత్తగా ఉంది, చెవి నొప్పి లేదు. కుడిపక్క తబలా ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడింది. ఎడమపక్క మాత్రం పాట ఎక్కడో పక్కింట్లో వస్తున్నట్టు ఉంది.

"ఎడమది సరిగా పలకడం లేదప్పా," అన్నాను.

అతను తన చెవుల్లో పెట్టుకొని చూసినాడు. "రెండూ ఒకటే మాదిరి ఉండాయి కదన్నా. ఆ పక్కది ఈ పక్క మార్చి పెట్టుకో."

మార్చినాను. ఎడమ చెవిలో మళ్లీ అదే పక్కింటి పాట. అంటే తేడా ఇయర్‌ఫోన్లో లేదు, నా చెవిలోనే ఉంది. ధర్మవరంలో పద్నాలుగేండ్లుగా మరమగ్గాల చప్పుడు మధ్య పని చేస్తున్నాను. మా షెడ్డులో పెద్దవాళ్లంతా అరిచే మాట్లాడతారు. అది వాళ్ల అలవాటు అనుకునేవాణ్ణి.

"వేరేది చూపించాల్నా అన్నా?"

"వద్దప్పా, ఇదే బాగుండాది," అని కొనేసి బస్సెక్కినాను. పెనుకొండ దాటేదాకా ఆ చప్పుడు వినపడుతుందేమోనని ఎడమ చెవి దగ్గర వేళ్లు రుద్దుకుంటూనే కూర్చున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. రేపు చెవి డాక్టరు దగ్గరికి పోతాను. లోపల గుబిలి అడ్డం పడి ఉంటే చాలు స్వామీ!

మీలో ఎవరికైనా ఇట్లా అయ్యి, మళ్లీ సరిగా వినపడిందా? వినపడింటే చెప్పండి. లేదంటే మాత్రం ఈ పూటకు ఏమీ రాయొద్దండి.