పెళ్లీడు రాని పీత

ఉప్పుటేట్లో పీతలు పట్టే మా మామయ్య, నీళ్లలో దించిన వెదురు బోనులో, అదే మావులో, పడ్డ ప్రతి పీతనీ ముందు వెల్లకిలా తిప్పి చూసేవారు. పొట్ట మీద మూత వెడల్పుగా ఉంటే ఆడది. "వెళ్లి పిల్లల్ని పెట్టు తల్లీ" అని ఏట్లో వదిలేసేవారు. సన్నగా ఉంటే మగది. దానికి ఏ మాటా ఉండేది కాదు. చిన్నదైనా పెద్దదైనా కాళ్లు కట్టేసి బుట్టలో పడేసేవారు.

మా ఊరు వట్లూరు నుంచి వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆయన దయ చూసి మురిసిపోయేదాన్ని.

కొన్నేళ్లకి గుడ్లున్న పీత కనబడటం మానేసింది. "ఆడవాటిని నేనెప్పుడూ ముట్టుకోలేదు కదే, ఏమైపోయాయి?" అన్నారు అత్తయ్యతో.

అత్తయ్య తలెత్తకుండా చేపలు తోముతూనే ఉంది. "మగవాటిని మిగిల్చారా మీరు? ముందుకాళ్ల డెక్కలు బలవని పిల్లలతో సహా ఊడ్చేశారు. ఆ తల్లులు ఎవరితో జతకడతాయండీ?"

మామయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

చాన్నాళ్లకి ఒక మగపీత పడింది. దాని సన్నటి డెక్కల్ని బొటనవేలితో తడిమి, "వీడికింకా పెళ్లీడు రాలేదు" అన్నారు. ఆయన మగపీతని వదలడం అదే మొదలు.

తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఏ పీతా పడలేదు. అలవాటు పోక, ఖాళీ మావునే వెల్లకిలా తిప్పి చూసి, మళ్లీ నీళ్లలో దించేవారు.