దిరిసెన ఆకు తడిస్తే

మా సర్వే అన్న పోయాడన్న కబురు నాకు మా పాత మేనేజర్ మెసేజ్‌లో వచ్చింది. మూడు ముక్కలు. సర్వే అతను గుండెపోటుతో పోయారు, పదకొండో రోజు భోజనాలు ఉప్పల్‌లో వాళ్ళింటి మీద, వీలైతే రండి. దాని కింద, మేనేజర్ ఫోన్ ప్రతి మెసేజ్‌కీ తనంతట తాను తగిలించే ప్రకటన: "మెరుపు వేగంతో ఇంటర్నెట్, ఇప్పుడు మీ గడపలోకే." చావు కబురు కింద అమ్మకం. ఫోన్ మంచం మీదికి విసిరేశాను. ఏడుపు తరువాత వచ్చింది, ముందు వచ్చింది రోతే.

రాష్ట్రం వచ్చి నెల తిరగలేదు. సంబరాల రంగు కాగితాలు మా నాచారం గల్లీలో ఇంకా తీగలకు వేలాడుతున్నాయి. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాయడం మనకు అలవాటు. అన్న గురించి మంచి మాటలకు కొదవేం లేదు. కాకపోతే నేను రాస్తే ఆ మాటల మధ్యలో నేనూ కనిపిస్తాను. చూసి మీకు నా మీద వెగటు పుడితే పుట్టనివ్వండి, నాకు పుట్టి చాలా ఏళ్ళయింది.

మా వైపు ఇళ్ళకు ఇంటర్నెట్ తీగ ఇంకా సరిగ్గా రాని రోజులవి. ఉప్పల్‌లో ఒక నాలుగంతస్తుల బిల్డింగ్ మీద మా కంపెనీ టవర్ ఉండేది. అక్కడి నుంచి గాలిలో సిగ్నల్ వస్తుంది, కస్టమర్ ఇంటి మీద పళ్ళెమంత డబ్బా ఒకటి దాన్ని పట్టుకుంటుంది. అన్న పని ముందుగా ఆ ఇంటికి వెళ్ళి, మేడెక్కి, సిగ్నల్ అందుతుందో లేదో చూసి ఫారం మీద "వస్తుంది" అనో "రాదు" అనో రాయడం. నా పని ఆ ఫారాలు కంప్యూటర్‌లో ఎక్కించడం, ఫోన్ మోగితే తిట్లు తినడం.

ఆయన మేడ ఎక్కే పద్ధతే వేరు. చెప్పులు కింద మెట్టు దగ్గరే వదిలేవాడు. పైకి వెళ్ళగానే చుట్టుపక్కల మేడలకు వినపడేలా "సర్వే, సర్వే" అని రెండుసార్లు అరిచేవాడు. తల ఆరబోసుకునే ఆడవాళ్ళో, బనీనుతో కూర్చున్న పెద్దమనిషో సర్దుకునేదాకా ఆగి, అప్పుడు దుర్భిణి తీసేవాడు. తీసినా టవర్ వైపే. ఆ అరుపు వల్లే ఆయన ఉప్పల్ నుంచి కాప్రా దాకా అందరికీ సర్వే అన్న అయ్యాడు.

ఒక వారం తిట్లు మరీ ఎక్కువై నేను భోజనం డబ్బా ముందు కళ్ళు తుడుచుకుంటుంటే చూసి, "రా చెల్లె, నిన్నెందుకు తిడుతున్రో సూపిస్త" అని నాచారంలో ఒక మేడ మీదికి తీసుకెళ్ళాడు. అక్కడి నుంచి టవర్ స్పష్టంగా కనిపిస్తోంది, కాకపోతే ఒక గుట్ట భుజాన్ని రాసుకుంటూ.

"కనవడుతుంది గదన్నా, మరి స్పీడ్ ఎందుకు రాదు?" అన్నాను.

"కనవడితె సాలదు. గల్లీల నుంచి మనిషి పోవాల్నంటే తలకాయ పడితె అయితదా? భుజాలు గూడ పట్టాలె. సిగ్నల్‌కు గూడ భుజాలుంటయి. గుట్ట ఒక భుజం రాకుతున్నది, గందుకే కుంటుకుంట వస్తున్నది."

తరువాత ఫ్యాక్టరీల వైపు తిప్పి ఇనుప రేకుల షెడ్లు చూపించాడు. సిగ్నల్ నేరుగా ఒకటి వస్తుంది, రేకులకు తగిలి కొంచెం ఆలస్యంగా ఇంకొకటి వస్తుంది. "ఒకటే మాట ఇద్దరు ముందొకలు యెనుకొకలు చెప్తే నీకు సమజైతదా? డబ్బాకు గూడ గాదు." చెరువు కింద పల్లపు ఇళ్ళకు మధ్యలో మిట్ట అడ్డం. సాయంత్రం అందరూ ఒకేసారి నెట్ మొదలుపెడితే అందరికీ తలా చారెడు. తడి ఆకు అన్నింటికన్నా పెద్ద దొంగ అనేవాడు. ఆకులో నీళ్ళుంటాయి, నీళ్ళు సిగ్నల్‌ను తాగేస్తాయి. నేను పెద్ద చదువు చదవలేదు. ఆ పూట నాకు అర్థమైనంత ఏ క్లాసులోనూ అర్థం కాలేదు.

ఇదంతా తెలిసిన మనిషి కాబట్టి ఆయన ఫారాల్లో "రాదు" ఎక్కువగా ఉండేవి. పైగా కస్టమర్ మొహం మీదే చెప్పేవాడు, "ఒద్దమ్మా, మీకు గుట్ట అడ్డమున్నది, ఫోన్ తీగ మీద వచ్చే నెట్టే తీస్కోండ్రి" అని. మేనేజర్‌కు అది ఒంటి మీద జెర్రి పాకినట్టుండేది. ఆయన పాంప్లెట్‌లో స్పీడ్ అంకె అరచేయంత ఉండేది, దాని ముందు "అప్ టు" అన్న మాట చీమ తలంత. ఆ చీమ తల చాటున మేమందరం కూర్చుని జీతం తిన్నాం.

ఇక అసలు సంగతి. నాచారం చెరువు దిగువ గల్లీలో ఒక మేడమ్ ఉండేది. అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చేసే పని. అంబర్‌పేట్‌లో ఆఫీసు. భర్త ఫ్యాక్టరీలో పడి నడుము విరిగి మంచాన ఉన్నాడు, అందుకని వాళ్ళ ఆఫీసు వాళ్ళు ఇంటి నుంచి చేసుకోమన్నారు, ఒకే షరతు మీద: నెట్ ఆగకూడదు. ఆమె నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది.

"వానకాలంల గూడ వస్తదా అమ్మా? నాకు గదే ముఖ్యం."

"అన్నను పంపిస్తా మేడమ్, ఆయన ఏం రాస్తే అదే," అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు గర్వంగా కూడా ఉంది.

చలికాలం. అన్న వెళ్ళి వచ్చి "రాదు" అని రాశాడు, పక్కన కారణం: దిరిసెన ఆకు. మేనేజర్ ఫారం చదివి ఆఫీసంతా వినపడేలా నవ్వాడు. ఆయనా ఆ గల్లీ చూశాడట. టవర్‌కూ ఆ ఇంటికీ మధ్య దిరిసెన చెట్టు ఉన్న మాట నిజమే, దాని మీద ఒక్క ఆకు లేదు, ఎండుకాయలు గలగలలాడుతున్నాయి అంతే. డబ్బా పెట్టి చూపించాడు కూడా, సిగ్నల్ బ్రహ్మాండంగా వచ్చింది. "లేని ఆకు అడ్డమా? ఈయనకు కళ్ళా, జ్యోతిష్యమా?"

"ఇప్పుడు లేదు సార్. ఎండకాలంల వస్తది. వాన పడితె తడుస్తది," అన్నాడు అన్న.

నెలాఖరు. మేనేజర్ నా కుర్చీ వెనక నిలబడి, "ఆ రాదును వస్తుంది చెయ్యి" అన్నాడు. "సర్వే చేసిన వారు" అనే గడిలో అన్న పేరు అలాగే ఉంచమన్నాడు. నాకు ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. చేశాను. చెయ్యడానికి ఎంతసేపు, ఒక మాట కొట్టేసి ఇంకో మాట కొట్టడమే. అన్న రాసిన కాగితాన్ని మాత్రం పారెయ్యలేక నా డ్రాయర్‌లో ఫోన్ పుస్తకం కింద పెట్టాను. అలా పెట్టడం మంచితనం అనుకున్నాను. ఛీ.

నాలుగైదు నెలలు ఆమెకు నెట్ పరుగెత్తింది. ఆఫీసులో అన్నను ఆకు బాబా అని పిలిచేవారు, నేను కూడా నవ్వాను. ఎండాకాలంలో చెట్టు చిగిర్చింది, గొడుగులా అయింది. మొదటి వానకు ఆమె నుంచి ఫోన్. "కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి మేడమ్," అన్నాను, అలా అనాలని మాకు రాసి ఇచ్చారు. రెండో వానకూ అదే అన్నాను. మూడో వానకు ఆమె ఇంగ్లీషులో ఏడ్చింది. నేను అదే అన్నాను.

తరువాత ఒక పొద్దున తడిసిన చీరతోనే ఆఫీసుకు వచ్చింది. పని పోయింది. మూడు రోజుల ఫైళ్ళు వెనక్కి పంపలేకపోయిందని వాళ్ళు పేరు తీసేశారు. గొంతు పెంచలేదు. "వస్తదని రాసిచ్చింది ఎవరు? నాకు ఆయనను సూపియ్యుండ్రి సాలు," అంది.

మేనేజర్ అన్న వైపు చెయ్యి చూపాడు. "సర్వే ఆయనది మేడమ్. పొరపాటు పడ్డారు."

అన్న లేచి నిలబడ్డాడు. "నేను రాదనే రాసిన మేడమ్. ఆకు అని గూడ రాసిన."

మేనేజర్ నా కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. వస్తుంది. పక్కన అన్న పేరు. "ఏమ్మా, ఆయన రాసిచ్చిందే ఎక్కించావు కదా?"

డ్రాయర్ నా మోకాలికి తగులుతోంది. ఒక్క లాగు లాగితే కాగితం బయటికి వస్తుంది. "అన్న రాసిచ్చిందే ఎక్కించిన సార్," అన్నాను. అన్న నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఆమె ఆయనతో ఒకే మాట అంది: "మీరు మంచోళ్ళని అందరు చెప్తే నమ్మిన." ఆ మాటకు ఆయన తల దించుకున్నాడు. జీవితమంతా ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి నా అబద్ధానికి తల దించుకున్నాడు.

ఆ నెలతోనే ఆయనను తీసేశారు. ఉప్పల్ అంతా పాకింది, సర్వే అన్న డబ్బాలు అమ్ముడుపోవాల్నని దొంగ సర్వే రాసిండని. నన్ను పర్మనెంట్ చేశారు. రెండేళ్ళకు కంపెనీయే మూతపడింది. అన్న ఘట్‌కేసర్ దగ్గర ఒక కాలేజీ ల్యాబ్‌లో పనికి కుదిరాడని విన్నాను.

పోయిన ఏడాది ఉప్పల్ రింగ్ రోడ్డు బస్టాపులో కనిపించాడు. ఆయనే ముందు పలకరించాడు. "బాగున్నవా చెల్లె? పిల్లలెంతమంది?" మెట్రో పిల్లర్ల వైపు చూసి, "మన టవర్ ఉండి ఉంటే ఇగ గటు దిక్కు ఇండ్లన్నిటికి సిగ్నల్ ఖతమ్," అని నవ్వాడు. ఒకప్పుడు నాకు గుట్ట చూపించిన గొంతే. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేననుకున్నాను. "అన్నా, ఆ ఫారం..." దాకా వచ్చాను. అప్పుడే ఒక బస్సు ఆగింది. అది అంబర్‌పేట్ బస్సు, మా ఇల్లు నాచారం, ఇంకో దిక్కు. "నా బస్సొచ్చిందన్నా" అని ఎక్కేశాను. రెండు స్టాపుల తరువాత దిగి వెనక్కి నడిచాను, ఆయన లేనప్పుడు చేరేటట్టు మెల్లగా.

పదకొండో రోజు మేడ మీద షామియానా వేశారు. దాని కింద చాపలు పరిచి విస్తళ్ళు వేశారు. వదిన, అంటే అన్న భార్య, గోడకు ఆనుకుని కూర్చుని వచ్చిన వాళ్ళను మెల్లగా తినమంటోంది. నా పక్కన మేనేజర్ కూర్చున్నాడు. బంతిలో అందరికీ వినపడేలా గొంతు సవరించుకుని, "అలాంటి మనిషి దొరకడమ్మా. కస్టమర్‌కి ఎన్నడూ కాదు, లేదు అని చెప్పి ఎరగడు," అన్నాడు.

బతికున్నప్పుడు ఉద్యోగం తీసుకున్నారు, పేరు తీసుకున్నారు. ఆయన "రాదు" అన్న మాట ఒక్కటే ఆయనకు మిగిలింది, చచ్చాక అది కూడా తుడిచేస్తున్నాడు. మెతుకులు అంటిన నా చెయ్యి విస్తట్లోనే ఉంది.

"వదినా," అన్నాను. "అన్న రాదనే రాసిండు. నేనే మార్చిన. కాయితం నా డ్రాయర్లనే ఉండె. చూసుకుంటనే అబద్ధం చెప్పిన."

మేనేజర్ తన విస్తట్లోకి చూస్తూ, "ఇప్పుడెందుకమ్మా పాత విషయాలు? పప్పు వేసుకో," అన్నాడు.

వదిన నా వైపు తిరిగింది.

"మాకు ఎర్కనే. బస్టాపుల కలిసినవట గద. ఆ దినం ఇంటికి మస్తు కుషీగ వచ్చిండు. 'పిల్ల చెప్పనీకి నోరు తెరిచింది, గంతల దాని బస్సొచ్చింది, పాపం. ఈసారి కలిస్తె చెప్తది' అన్నడు. రింగ్ రోడ్డు దిక్కు పోయినప్పుడల్ల గా బస్టాపుల కొద్దిసేపు నిలవడి వస్తుండె."

ఆ బస్సు నాది కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"తిను బిడ్డా," అంది వదిన.

నా ఒక్కదానిది తప్ప అందరిదీ తినడం అయిపోయింది. ఒక్క విస్తరి మిగిలినా బంతిలోంచి ఎవరూ లేవరు. మేడ మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా జనం, వేళ్ళ మీద మెతుకులు ఎండిపోతుంటే, నేను ముద్ద ఎత్తేదాకా కూర్చుని ఉన్నారు.