జర్మనీలో రాహుకాలం

రాహువు అనే గ్రహం లేదు. ఆకాశంలో ఎంత వెతికినా దొరకని ఆ గ్రహానికి ప్రతిరోజూ గంటన్నర రాసిచ్చిన జాతి మనది. ఆ గంటన్నరలో ఆర్మూరు బస్టాండులో బస్సులు ఆగవు, పసుపు కుప్పల దగ్గర బేరం ఆగదు, బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లూ ఆగవు. ఆగేవల్లా పెళ్లిమాటలు, కొత్త బండి తాళాలు, పిల్లల పరీక్షలు. కడుపు నింపే పనులకు అడ్డురాని రాహువు మంచి పనులకే ఎందుకు అడ్డొస్తాడని డిగ్రీ రోజుల నుంచి అడుగుతున్నాను. ఈ ఒక్క ప్రశ్నతో చర్చావేదికల మీద చాలామంది నోళ్లు మూయించాను. మా అమ్మమ్మ నోరు మాత్రం మూయించలేకపోయాను.

నేను జర్మనీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఉడకబెట్టిన పసుపు ఎలా ఆరుతుంది, దాన్ని తొందరగా ఎలా ఆరబెట్టవచ్చు అన్నది నా విషయం. జర్మనీలో ఫిబ్రవరిలో మంచు ఆరబెట్టుకోవచ్చు గానీ పసుపు కుదరదు. అందుకని పంట కాలానికి ఆర్మూరు పక్కనే పెర్కిట్‌లో ఉన్న అమ్మమ్మ ఇంటికి వచ్చాను. మెండోరలోని పొలంలో మామ తవ్వి ఉడికించిన పసుపును కొంత మేడ మీద టార్పాలిన్ పైన, కొంత వట్టి సిమెంటు మీద, కొంత వలమంచం మీద పోసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తూచుకుంటూ కూర్చునేదాన్ని. అక్కడ సెమిస్టర్ అయిపోవస్తోంది. మిగిలింది ఒక్క సెమినార్. వీడియోలో చెప్పాలి. అది పాసైతేనే థీసిస్ మొదలుపెట్టనిస్తారు, లేకపోతే ఆ సెమిస్టర్ పోయినట్టే. తూకాలు చాలలేదని ఇదివరకే ఒకసారి వాయిదా వేయించుకున్నాను కాబట్టి మళ్లీ అడిగే ముఖం లేదు.

మా ప్రొఫెసర్ రెండు సమయాలు ఇచ్చింది. మంగళవారం వాళ్ల పదకొండు గంటలకు ఒకటి, బుధవారం వాళ్ల తొమ్మిది గంటలకు ఒకటి. మనకైతే మంగళవారం మూడున్నర, బుధవారం ఒకటిన్నర. ఈ మాట వరండాలో అన్నానో లేదో, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మమ్మ గోడమీది క్యాలెండర్ వైపు చూసింది.

"మంగళారం మూడు నుంచి నాలుగున్నర దాక రాహుకాలం. బుధారం ఒకటిన్నరకు ఇడిశిపెడ్తది. బుధారమే జెప్పు బిడ్డా."

నిజానికి నాకూ బుధవారమే కావాలి. ఒక రోజు ఎక్కువ దొరుకుతుంది, స్లయిడ్లు ఇంకా సగమే అయ్యాయి. కానీ ఆ కారణం విన్నాక బుధవారం ఎలా ఒప్పుకుంటాను? ఒప్పుకుంటే ఇన్నేళ్ల నా వాదం ఏమైపోవాలి? అక్కడే, అమ్మమ్మ చూస్తుండగానే, మంగళవారం కావాలని మెయిల్ పెట్టేశాను.

"నీ అసొంటి మొండి పోరిని యాడ సూడలే," అంది అమ్మమ్మ. "చదువు పోతె పోనీ, మాట నెగ్గాలె."

పక్కింటి ముస్లిం పిన్నిని అందరం ఖాలా అంటాం; ఆమె రోజూ మా వరండాలోనే కూర్చుని బీడీలు చుడుతుంది. ఆమె భర్త చాలా ఏళ్లు దుబాయ్‌లో పనిచేసి వచ్చాడు. దారం కొరికి తెంపుతూ తాపీగా అంది:

"అక్కా, జర ఆగు. మా ఆయన దుబాయ్‌ల ఉన్నప్పుడు రంజాన్‌ల రోజా ఇడిశేది గాడి పొద్దు జూసే. నేను గీడ ఖజూర్ తిని కూసుంటే గాయన ఇంకా ఆకలితోనే ఉండేటోడు. మరి పరీక్ష జర్మనీల గద? గాడి పొద్దు లెక్క గావాలె."

అమ్మమ్మ చేతిలోని తునికాకు ఆగిపోయింది. "గాడ పరీక్ష ఎన్నింటికి?"

"పదకొండుకు," అన్నాను.

"పదకొండుకు మంగళారం రాహుకాలమేడిది? లేనే లేదు!"

"మరి పిల్ల గీడ కూసుంటది గదక్కా?" అని ఖాలాయే మళ్లీ అనుమానం లేవదీసింది.

"పిల్ల యాడ కూసుంటె ఏంది! మార్కులేసేది గా పంతులమ్మ. మార్కులు యాడ పడ్తె గాడి రాహుకాలం."

అభ్యంతరం తొలగిపోయింది. ఇంకొకరైతే సంతోషించి స్లయిడ్లు చేసుకునేవారు. నాకేమో, ఎదుటివాళ్లు తప్పు కారణంతో ఒప్పుకుంటే ఒప్పుకోనట్టే లెక్క.

"ఆగమ్మమ్మా! అట్లయితే భూమ్మీద ఎప్పుడూ ఎక్కడో ఒకచోట రాహుకాలం నడుస్తనే ఉండాలె. రాహువుకు ఒక్క నిమిషం సెలవుండదు!"

"ఉండకుంటె ఉండనియ్. గాయన కష్టం గాయనది. మనకేంది?"

ఖాలా నవ్వు ఆపుకోలేక చాటలోని పొగాకంతా పారబోసుకుంది.

సోమవారం సాయంత్రం నేను చేయాల్సిన పని స్లయిడ్లు. చేసిన పని వేరు. ఈ రాహుకాలం ఎంత గాలిమాటో లెక్కతో తేల్చి వాళ్ల ముందు పెట్టాలని, తూకాల ఫైల్లోనే కొత్త షీటు తెరిచాను. పొద్దు పొడిచే వేళ, కుంకే వేళ తీసుకుని, పగటిని ఎనిమిది భాగాలు చేసి, ఏడు రోజులకూ పెర్కిట్ రాహుకాలం ఒక వరుసలో, జర్మనీ రాహుకాలం ఇంకో వరుసలో వేశాను. పక్కనే ఆ వేళల్లో పసుపు ఎంత ఆరిందో కూడా చేర్చాను. రంగులు కూడా వేశాను. నా థీసిస్ పట్టికలకు అంత శ్రద్ధ ఎప్పుడూ పెట్టలేదు. చలికాలం అక్కడ పగలు చిన్నది కాబట్టి గంటన్నర ఉండాల్సిన రాహుకాలం గంటంబావుకు కుంచించుకుపోయింది. ఇక దొరికారనుకుని వెళ్లి చూపించాను.

"చూడండి, ఊరు మారితే రాహువు కొలతే మారిపోతోంది. ఇది శాస్త్రమా?"

అమ్మమ్మ కళ్లు చికిలించి తెర వంక చూసింది. "గాడ చలి గద బిడ్డా. గాయన గుడ జల్ది పోయి పంటడు."

మంగళవారం మూడున్నరకు గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కెమెరాకు కనబడని మూలన అమ్మమ్మ, ఖాలా చాటలతో సహా చేరారు. "సప్పుడు జెయ్యం," అని ముందే మాటిచ్చారు. ప్రొఫెసర్, నలుగురైదుగురు విద్యార్థులు తెరమీదికి వచ్చారు. నేను గొంతు సవరించుకుని, పసుపు ఆరే గ్రాఫు చూపిస్తున్నానని చెప్పి ఫైలు తెరిచాను.

తెరుచుకున్నది నిన్నటి షీటు. పైన పెద్ద అక్షరాలతో రాహు, రాహు, రాహు అని ఏడు రోజులకూ ఉంది.

ప్రొఫెసర్ కళ్లద్దాలు సరిచేసుకుంది. "ఈ రాహు ఎవరు? మీ సహ పరిశోధకులా?"

అబద్ధం ఆడే అలవాటు లేదు, ఆడేంత తీరికా లేదు. ఇది మా ఇంట్లో ఒక నమ్మకం అని, చెడ్డ వేళ అంటారని, నేను నమ్మనని, దాన్ని ఖండించడానికే ఈ పట్టిక వేశానని చెప్పాను.

"నమ్మని విషయానికి ఇంత పనిచేశారా? నమ్మిన విషయానికి ఎంత చేశారో చూడాలి," అంది ఆమె. ఒక కుర్రవాడు మైకు మూయడం మరిచి నవ్వాడు. నా సెమిస్టర్ మేడ మీది పసుపులా ఆవిరైపోవడం కళ్లకు కనబడింది. మూల నుంచి అమ్మమ్మ "ఏమైందే?" అన్నట్టు చెయ్యి తిప్పింది.

"పక్కన బరువులు ఉన్నాయే. ఆ చెడ్డ వేళలో మీ పసుపుకు ఏమైంది?" అని అడిగింది ప్రొఫెసర్.

అప్పుడు నాకు నోరు వచ్చింది. బుధవారం రాహుకాలం నడిమధ్యాహ్నం వస్తుందని, వారం మొత్తంలో పసుపు బాగా ఆరింది ఆ వేళేనని, ఆరబెట్టేది ఎండా గాలీ తప్ప రాహువు కాదని చెప్పాను. అక్కడి నుంచి వలమంచం మీది పసుపుకు, దాని కింద ఆడే గాలికి, సిమెంటు వేడికి వెళ్లిపోయాను. సగం స్లయిడ్లు లేవన్న సంగతి నాకే గుర్తు లేదు. చివరికి ఆమె, తూకాలు ఇంకా దగ్గర దగ్గరగా తీయాలని, ఆ రాహు షీటును థీసిస్‌లో పెట్టవద్దని చెప్పి పాస్ చేసింది.

"పాసా?" అంది అమ్మమ్మ, తెర ఆరిపోగానే.

"పాస్. రాహుకాలంలో పాస్!"

"రాహుకాలమేడిది? గాడ పదకొండు గద!"

ఓడిపోయేలా ఉన్నానని, ప్రొఫెసర్‌కు చెప్పిందంతా మళ్లీ చెప్పాను. బుధవారం రాహుకాలంలోనే పసుపు అన్నిటికంటే బాగా ఆరిందని గట్టిగా నొక్కి చెప్పాను. అమ్మమ్మ, ఖాలా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇన్నేండ్లు ఎరుకనే లేదు సూడు," అంది అమ్మమ్మ. "వచ్చే యేడు మామకు జెప్తా, బుధారం రాహుకాలంలనే ఆరబొయ్యమని."

మరునాడు పొద్దున తూకం కోసం మేడ ఎక్కబోతుంటే వీధి చివరి ఇంటామె గేటు దగ్గర నిలబడి ఉంది. దోహాలో ఆమె భర్తకు కొత్త కంపెనీలో ఇంటర్వ్యూ అట.

"గీ లెక్కన పొమ్మనాలెనా, గాడి లెక్కననా బిడ్డా? నువ్వు కంప్యూటర్ల మస్తు జూస్తవని ఖాలా జెప్పింది."

"వాళ్లు ఎన్నింటికి రమ్మంటే అన్నింటికి పొమ్మనండి," అన్నాను.

"గదైతే నాకు గుడ ఎరుకే. నువ్వు లెక్క జెప్పు."

నేను ఉపన్యాసానికి సిద్ధమవుతుండగానే వరండాలోంచి అమ్మమ్మ కేక వినిపించింది. "జర ఓపిక వట్టు చెల్లె, గిప్పుడే ఎండ పడ్తున్నది. పసుపు తూచినంక జూస్తది!"