గైరుహాజరుకు కారణం

మేడ్చల్‌లో బేరగాళ్లకు కొదవ లేదు. కానీ ఒక దుకాణం గదికి ఎనిమిది లక్షలు ఎక్కువ రాబట్టడం కోసం ఏకంగా కెనడా దేశాన్నే పక్కన పెట్టినవాణ్ణి, నాకు తెలిసి, నేనొక్కణ్ణే. మా వంశంలో ఇంత పెద్ద బేరం ఎవరూ చేయలేదు. మా నాయిన మహా అయితే పప్పు బస్తా దగ్గర ఒక పూట అలిగేవాడు.

నా భార్య అక్కడ నర్సు. ఆమె వెంట నేనూ పాపా వెళ్లాం. ముగ్గురికీ శాశ్వత నివాస హోదా వచ్చింది. పేరుకు శాశ్వతమే గానీ, అయిదేళ్లలో కనీసం రెండేళ్లు అక్కడ ఉండకపోతే పోతుంది. నాయిన పోయాక, మేడ్చల్‌లో మూతపడ్డ మా కిరాణా దుకాణాన్ని అమ్మి వస్తానని, రెండు నెలల కోసమని బయలుదేరాను. అప్పుడు పాపకు ఏడేళ్లు.

కొనడానికి శామీర్‌పేట నుంచి ఒక పటేల్ వచ్చాడు. పొలాలు ప్లాట్లు చేసి అమ్మిన మనిషి. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది: మొదటి ధరకు తల ఊపకూడదు. లేచి, మెల్లగా నడవాలి. అవతలివాడు పిలిచేదాకా వెనక్కి చూడకూడదు. నేను లేచి నడిచాను. ఆయన పిలవలేదు. ఆయనదీ అదే బడి.

నెలకోసారి వచ్చి చాయ్ తాగేవాడు.

"ఏంది సేటు, మల్ల ఎప్పుడు కూసుందాం?"

"మీరెప్పుడంటే అప్పుడే పటేలా. తొందరేముంది?"

"నాకేం తొందర? విమానం నీకున్నది గాని."

"విమానాలు రోజు ఉంటయి పటేలా."

తూంకుంటలో ఒక కొత్త లేఅవుట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. వీధులకు నంబర్లు వేశారు, ఇళ్లు ఇంకా రాలేదు. ఒక గ్లాసు బియ్యం వండితే మర్నాటికి కూడా మిగిలేది. వారానికోసారి, ఆదివారం పొద్దున, వాళ్లకు శనివారం రాత్రి, ఫోన్. మిగతా ఆరు రోజులు నా గొంతు నేను వినేది కూరగాయల బండి దగ్గరే. అక్కర లేకున్నా బెండకాయలు బేరమాడేవాణ్ణి.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం ఆమె సూటిగా అడిగింది. "నువ్వు వస్తవా, రావా? ఒక్క మాట చెప్పు."

నేను మాట్లాడలేదు. కోపం వచ్చి కాదు. ఇంకోసారి అడుగుతుందని, ఈసారి కాస్త బతిమాలుతుందని ఆగాను. ఆమె దుకాణదారుల ఇంట్లో పుట్టలేదు, రావల్కోల్ రైతు బిడ్డ. నా మౌనాన్నే జవాబనుకుంది. "సరే" అని ఫోన్ పాపకిచ్చింది. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

తర్వాత రోడ్డు మీద వంతెన పని మొదలై దుకాణం ముందు రేకులు పాతారు. చివరికి పటేల్ మొదట చెప్పినదానికన్నా రెండు లక్షలు తక్కువకు అమ్మాను. అప్పటికి నాలుగేళ్లు అయ్యాయి, నా నివాస కార్డు గడువూ తీరింది. అది లేనిదే విమానం ఎక్కనివ్వరు. ప్రత్యేక ప్రయాణ పత్రం కోసం దరఖాస్తు పెట్టాలి. రెండేళ్ల షరతు ఎందుకు తప్పావో ఒప్పించగలిగితే హోదా నిలుస్తుంది, లేకపోతే పోయినట్టే.

శామీర్‌పేటలో ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఆమె నా దరఖాస్తు నింపుతూ ఒక గడి దగ్గర ఆగింది. ఇన్నాళ్లు బయట ఉండటానికి కారణం.

"గుండె నొప్పి అని ఎయ్యాల్నా అన్నా? సర్టిఫికెట్ గూడ దొరుకుతది. ఐదు వేలు."

"గుండెకు ఐదు వేలా? మోకాళ్లకెంత?"

"మోకాళ్ల నొప్పికి నాలుగేండ్లు ఆగినవంటే ఎవరు నమ్మరన్నా."

గుండెను మూడు వేలకు తెగ్గొట్టాను. పాపకు నా అవసరం ఉందని తల్లి కూడా ఒక ఉత్తరం ఇస్తే బలంగా ఉంటుందని ఆమె చెప్పింది. ఆదివారం అడిగాను.

"గుండె నొప్పా? ఎవరికి?" అంది నా భార్య.

"కాగితం మీదనే."

"ఉత్తరం ఇస్త. గని ఉన్నదే రాస్త. నీ బేరం సంగతి గూడ."

"జర తగ్గించి రాయి."

"తగ్గియ్య."

ఉత్తరం వచ్చింది. ఆయనకు జబ్బేమీ లేదు, దుకాణం ధర కోసం ఆగిపోయాడు అని రాసింది. ఒక్క ఆదివారం కూడా ఫోన్ మానలేదనీ రాసింది. "పాప మొదట్లో నాన్న ఎప్పుడొస్తాడని అడిగేది. ఇప్పుడు అడగడం లేదు. నాకు అదే భయం. అందుకే ఆయన రావాలి."

సెంటర్ ఆమె చదివి నా మొహం చూసింది. "గుండె నొప్పి తీసెయ్యాల్నా అన్నా?"

"తీసెయ్యి."

దీన్ని నిజాయితీ అనుకోకండి. భార్యాభర్తల కాగితాలు రెండూ ఒకే మాట చెప్పాలి కదా. ధర కోసం ఆగాను, తప్పు నాదే, పాప దగ్గరికి వెళ్లాలి అని టైపు చేయించాను.

నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. పాప మేలు దృష్ట్యా హోదా కొనసాగిస్తున్నారట. ఎవరికైనా చెప్పాలని బయటికొస్తే వీధిలో నీళ్ల క్యాన్లు వేసే అతను ఒక్కడే ఉన్నాడు. అతనికే చెప్పాను.

"మంచిగైంది సేటు. మరి క్యాను బంద్ చెయ్యాల్నా?"

ఆ ఆదివారం నా భార్య, "మంచిది. కింద రూం ఖాళీ ఉన్నది, అండ్ల ఉండు" అంది. పాప ఫోన్ తీసుకుని మర్యాదగా అడిగింది: "ఎన్ని రోజులుంటవ్ డాడీ?"

ఇక బిల్లు. దుకాణంలో పోయిన రెండు లక్షలు వంతెన మీదికి నెట్టేయవచ్చు. మిగతావి నావే: నేను లేని నాలుగు పుట్టినరోజులు, ఊడిన పాలపళ్లు, ఎవరో వెనక పట్టుకుంటే నేర్చుకున్న సైకిలు, ఒక్కసారే అడిగి ఊరుకున్న భార్య. తిరిగి దక్కింది ఆ దేశంలో ఉండే హక్కు. ఆ ఇంట్లో మాత్రం, ప్రస్తుతానికి, కింది గది.