మూడు గింజల కాయ

పోయిన వారం మా పాత టీచర్ల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. మా పెదనాన్న కొడుకు, నేను పనిచేసిన పల్లె బడికి ఒకప్పటి హెడ్మాస్టరు, శాలువా కప్పుకుని మైకు ముందు నిలబడి, మూడు గింజల వేరుశనగ కాయతో నాలుగో తరగతి పిల్లలకు పరమాణువు లోపలి సంగతులు తాను ఎలా నేర్పాడో చెబుతున్నాడు. తానట. రెండుసార్లు చూసి ఫోను బోర్లించి పెట్టాను. నాతోపాటు చాక్‌పీసు పొడి మింగినవాళ్లకు చెప్పుకుంటే తప్ప ఈ మంట తగ్గేలా లేదు.

నేను కర్నూలులో ఫిజిక్సు చదివి, ఉద్యోగం మాత్రం ఆలూరు దగ్గర చిన్న తరగతులకు తెచ్చుకున్నదాన్ని. ఒక మధ్యాహ్నం బడి అరుగు మీద వేరుశనగ కాయలు వలుచుకు తింటున్న పాప ఒకతె, డొల్ల తీస్తే గింజ, గింజ విరిస్తే బద్ద, బద్ద నూరితే పిండి, మరి ఆ పిండి లోపల ఏముంటాది టీచరమ్మా అని అడిగింది. డిగ్రీలో కూడా నా చెవిన అంత మంచి ప్రశ్న పడలేదు. మర్నాడు మా ఇంటి నుంచి మూడు గింజల కాయలు ఏరి తీసుకెళ్లాను. పొట్టుతో ఉన్న ఎర్ర గింజలు రెండు, పొట్టు తీసిన తెల్లది ఒకటి అయితే ప్రోటాను. తెల్లవి రెండు, ఎర్రది ఒకటి అయితే న్యూట్రాను. ఆ గింజలే ప్రోటాను, న్యూట్రాను లోపలుండే క్వార్కులు, అవి ఎన్నడూ ఒంటరిగా బయట తిరగవు, వాటిని అంటిపెట్టి ఉంచే బలం బెల్లంపాకం. సగంమంది పిల్లలు మధ్యలో కేంద్రకమై గుమిగూడితే, మిగిలినవాళ్లు ఎలక్ట్రాన్లై ఎండలో మైదానమంతా పరుగెత్తేవాళ్లు. చివరికి ప్రోటాన్లన్నీ కడుపుల్లోకే పోయేవి.

అన్న కిటికీ దగ్గర నిలబడి చూసి మెచ్చుకున్నాడు. మా ఊరి చర్చిలో పక్కపక్కన కూర్చుని పాటలు పాడుతూ పెరిగినవాళ్లం, నాకు చిన్నప్పుడు లెక్కలు దిద్దించింది ఆయనే, అందుకే ఆ మెప్పుకు పొంగిపోయాను. నువ్వొక్కదానివే యాడ మోసుకొస్తావు, పిల్లోళ్లను ఇండ్ల నుంచి తెమ్మను అని సలహా ఇచ్చిందీ ఆయనే. నేను ఆ మాటే పిల్లలకు చెప్పాను. అది తొలకరి వేళ అనీ, అప్పుడు ఇళ్లలో ఉండే కాయలు తినడానికి కాదు, విత్తడానికి అనీ, సేద్యగాళ్ల ఇళ్లలో పుట్టిన మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ప్రశ్న అడిగిన ఆ పాపే ఇంట్లో విత్తనపు మూట విప్పి, మూడు గింజలవి ఏరుకుని, మూట మూతి కట్టడం మరిచి బడికి వచ్చేసింది. మేకలు పడి సగానికి పైగా తినేశాయి. వాళ్ల నాయన గోనెసంచి పట్టుకుని బడికి వచ్చాడు. పాపం, అరవను కూడా అరవలేదు.

"దుక్కి దున్ని పెట్టుకోనుండా సార్. శెనక్కాయలు ఎవురు తెమ్మన్నారో చెప్పండి, సాలు" అన్నాడు.

అన్న నావైపు చూడలేదు. హాజరుపట్టీ తిరగేస్తూ, "నేను వద్దంటానే ఉండా. ఏం చేయాల్నప్పా, ఆయమ్మ వింటే గదా" అన్నాడు.

నా తప్పు లేదని అనను. ఆ సాయంత్రమే మా పుట్టింటి నుంచి విత్తనం తెప్పించి ఆయన ఇంటికి పంపాను. కానీ పక్కన నిలబడతాడనుకున్న మనిషి, పిల్లలందరూ వింటుండగా, నన్ను అలా వదిలేస్తాడని కలలో కూడా అనుకోలేదు. తర్వాత ఒక్కసారి పిలిచి, ఆ గడియలో నోట అలా వచ్చేసింది చెల్లీ అన్నా నా కడుపు చల్లబడేది. ఆ మాట ఈనాటికీ రాలేదు.

ఇప్పుడు బళ్లకు రంగు బంతుల పెట్టెలు వస్తున్నాయి, ఆటలతో పాఠం చెప్పిన టీచర్లకు సన్మానాలు చేస్తున్నారు, మంచిదే. మన రోజుల్లో ఆట ఆడిస్తే సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చేది. శాలువా పోతే పోయింది. నన్ను తినేస్తున్నది, పాప నాయన బడికి వచ్చిపోయిన మర్నాటి ఉదయం. ఈపొద్దు ఏం చేస్తాండాం టీచరమ్మా అని పిల్లలు చుట్టూ మూగితే, పుస్తకం తీసి చూసి రాయండి అన్నాను. అన్న మీది కోపంతో అన్న మాట అది. రిటైరయ్యేదాకా, తొమ్మిదేళ్లు, ప్రతి తరగతికీ అదే చెప్పాను. అన్న నాకు చేసింది ఒక్క పూట ద్రోహం. పిల్లలకు నేను చేసింది తొమ్మిదేళ్లు సాగింది.